చాలా వానల్లోంచి ఒకే వాన: హైదరాబాద్ వాన సినిమా పని డైరీ

ఏడు నిమిషాల నలుపు-తెలుపు సినిమా. కథ లేదు, మాటల్లేవు. సాయంత్రం మబ్బు పట్టి, వాన దంచికొట్టి, వెలిసి, రోడ్డు ఆరేదాకా అమీర్‌పేట, మోజంజాహీ మార్కెట్, చాదర్‌ఘాట్ వైపు మనుషులు ఏం చేస్తారో అంతే. చూసేవాళ్లకి అది ఒకే వాన. తీసింది మాత్రం జూన్ నుంచి అక్టోబరు దాకా పడ్డ వానల్లో.

పద్ధతి పాతదే. 1929లో యోరిస్ ఇవెన్స్, మన్నుస్ ఫ్రాంకెన్ కలిసి ఆమ్‌స్టర్‌డామ్ మీద 'రెగెన్' అని ఒక చిన్న మూకీ తీశారు. నెలల తరబడి తీసిన ముక్కల్ని అతికించి ఒకే జల్లులా చూపించారు. ఇవెన్స్ చేతిలో కినామో అనే చిన్న స్ప్రింగు కెమెరా ఉండేది. ఊళ్లో ఏ మూల వాన మొదలైనా స్నేహితులు ఫోన్ చేసి చెప్పేవాళ్లు. మేం అక్కణ్ణుంచి తీసుకున్నవి ఈ రెండే: చేతిలో పట్టే కెమెరా, కబురు చెప్పే మనుషులు. మిగతా లెక్కలేవీ ఇక్కడ కుదరవు. మన దగ్గర సాయంత్రం వాన చాలాసార్లు అరగంట లోపే కుమ్మరించి పోతుంది. కెమెరా బయటికి తీసేలోపు సగం అయిపోతుంది.

మనుషులు ఇద్దరం. నేను కెమెరా, మా పిన్ని కొడుకు సౌండు. కెమెరా, 50 మి.మీ. లెన్సు, సౌండ్ రికార్డరు ఇంట్లో ఉన్నవే, వాటిని ఖర్చులో కలపలేదు. కొన్నవి: పెద్ద గొడుగు రూ. 450, గొడుగుని స్టాండుకి బిగించే క్లాంపు రూ. 300, సిలికా జెల్ రూ. 180.

దశ 1: చినుకులు కనపడవు

మొదటి వారం ఫుటేజీలో జనం తడుస్తున్నారు, తల మీద సంచులు పెట్టుకుని పరిగెత్తుతున్నారు, వాన మాత్రం లేదు. కంటికి ధారగా కనపడ్డది తెర మీద పల్చటి పొగలా ఉంది. కారణం రెండు చోట్ల దొరికింది.

ఒకటి, వెలుతురు వచ్చే దిక్కు. వెలుతురు మన వీపు వెనక ఉంటే చినుకు కనపడదు. ఎదురుగా గానీ, ఎదుటి పక్క నుంచి గానీ వెలుతురు రావాలి, చినుకు వెనక చీకటిగా ఉండాలి. తెల్లటి ఆకాశం ముందు ఎంత జడివాన అయినా మాయమైపోతుంది. అదే చెట్టు ముందో, షట్టరు దించిన కొట్టు ముందో అయితే తీగలు తీగలుగా దిగుతుంది.

రెండోది కెమెరా షట్టరు వేగం, అంటే ఒక్కో ఫ్రేముకి కెమెరా ఎంతసేపు వెలుతురు పడుతుందో అది. 1/50 అంటే సెకనులో యాభయ్యో వంతు. 2 మి.మీ. చినుకు సెకనుకి దాదాపు ఆరున్నర మీటర్ల వేగంతో పడుతుంది. అది ఫ్రేములో ఎంత పొడుగు గీత గీస్తుందో లెక్క వేసుకుంటే:

1/50 దగ్గర 13 సెం.మీ.
1/100 దగ్గర 6.5 సెం.మీ.
1/200 దగ్గర 3 సెం.మీ. పైచిలుకు
1/500 దగ్గర 1.3 సెం.మీ.

13 సెం.మీ. గీత పల్చబడి వెనకున్న దాంట్లో కలిసిపోతుంది. 1/500 దగ్గర చినుకులు గాల్లో ఆగిపోయిన ఇసుక రేణువుల్లా కనపడి చిరాకు పెట్టాయి. పగలు 1/200 సరిగ్గా కుదిరింది. చీకటి పడ్డాక మాత్రం 1/200 వాడొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, ఫ్రేము మీద అడ్డ పట్టీలు పాకుతాయి. కొట్టు దీపాలు, వీధి దీపాలు ఫ్రేములో ఉంటే 1/50 లేదా 1/100. ఫ్రేములు సెకనుకు 25.

ఇప్పటికి: తీసింది 52 నిమిషాలు. పనికొచ్చింది 20 సెకన్లు. ఖర్చు రూ. 930.

దశ 2: కబురు, ఆవిరి

కూకట్‌పల్లిలో ఉన్నవాడికి అల్వాల్‌లో కురిసే వాన తెలీదు. దిల్‌సుఖ్‌నగర్ ఎండలో ఉండగా మెహదీపట్నం మునుగుతుంది. వాట్సాప్ గ్రూపు పెట్టి బంధువుల్ని, స్నేహితుల్ని కలిపాం. మొదట్లో వచ్చిన కబుర్లు ఇలా ఉండేవి: "ఇక్కడ ఫుల్ వాన రా". ఎప్పుడు మొదలైందో తెలీదు, ఎటు కదులుతోందో తెలీదు. మేం చేరేసరికి చూర్లు కారుతుండేవి. అప్పుడు రూలు మార్చాం. వాన పడుతోందని చెప్పొద్దు, మబ్బు ఏ దిక్కున ఉంది, గాలి లేచిందా, ఈ రెండే చెప్పమన్నాం. గాలి లేచి దుమ్ము రేగిన పది పదిహేను నిమిషాలకి చాలాసార్లు చినుకు పడింది. పక్కనే వాతావరణ శాఖ హైదరాబాద్ రాడార్ బొమ్మ తెరిచి పెట్టుకునేవాళ్లం. మబ్బు కదిలే వైపు ముందే వెళ్లి నిలబడటం, వాన పడే చోటికి పరిగెత్తడం కంటే చాలా నయం.

ఆవిరి ఇంకో తలనొప్పి. ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి వానగాలిలో పెడితే లెన్సు పాలు పోసినట్టు తెల్లబడుతుంది. తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. లోపలి అద్దాల మీద పడితే తుడిచే దారి కూడా లేదు. పాటిస్తున్న వరస:

1. జూన్ నుంచి కెమెరాని ఏసీ గదిలో పెట్టం. హాల్లో, మూత గట్టిగా పట్టే డబ్బాలో, సిలికా జెల్‌తో ఉంటుంది.
2. తప్పక ఏసీ కారులో తెస్తే, జిప్ కవర్లో ఉంచి ఇరవై నిమిషాలు బయటి వేడికి అలవాటు పడనివ్వాలి.
3. సిలికా జెల్ నీలం నుంచి గులాబీ రంగుకి మారితే పాత మూకుట్లో సన్న సెగ మీద, కిటికీలు తెరిచి, వేడి చేయాలి. మళ్లీ నీలం అవుతుంది. ఆ మూకుడు మళ్లీ వంటకి వాడొద్దు.
4. బియ్యం డబ్బాలో పెట్టడం దండగ. బియ్యప్పిండి బటన్లలోకి దూరుతుంది.
5. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నీళ్లు నిలిస్తే అక్కడ షాటు లేదు. రంగు మారిన నీళ్లలో కాలు పెట్టొద్దు, అడుగున మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలీదు.

మెట్రో స్టేషన్ల లోపల, రైల్వే ప్లాట్‌ఫారాల మీద అనుమతి లేకుండా తీయనివ్వరు కాబట్టి ఆ ఆలోచన మొదటే కొట్టేశాం. దాని బదులు మెట్రో దారి కింద రోడ్డు దొరికింది. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పట్నుంచీ వానొస్తే బైకులు ఆగే చోటు అదే. అమీర్‌పేటలో స్తంభాల మధ్య బైకు వెనక బైకు, ఫోను మీద పాల ప్యాకెట్ కవరు తొడిగినవాళ్లు, తలకి పాలిథీన్ సంచి కట్టుకున్నవాళ్లు. మన ఊళ్లో సినిమా వానకే గొడుగులు, రోడ్డు మీద వానకి కవర్లు. ముఖాలు తీయొద్దనుకున్నాం. వద్దనేవాళ్ల సంగతి అటుంచి, ఒకే ముఖం రెండు చోట్ల రెండు చొక్కాలతో కనపడితే 'ఒకే వాన' అన్న మాట అక్కడే తేలిపోతుంది.

ఇప్పటికి: తీసింది 2 గంటల 10 నిమిషాలు. పనికొచ్చింది 65 సెకన్లు. ఖర్చు రూ. 1,530 (పెట్రోలు రూ. 600 కలిపి).

దశ 3: తేదీ పక్కన పెట్టి నేలని చూడటం

ఈ డైరీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఫైళ్లని తేదీల వారీగా పెట్టి ఎడిటింగ్ మొదలుపెడితే రెండు షాట్లు కూడా అతకలేదు. ఒక షాటులో జోరు వాన, తర్వాతి దాంట్లో అంతకన్నా జోరు వాన, అయినా ఏదో తేడా. వాన జోరుని బట్టి 'సన్నం, మధ్యస్థం, జోరు' అని విడదీశాం, అయినా లాభం లేదు. తేడా వానలో లేదని అర్థం కావడానికి షాట్లని శబ్దం ఆపి, పై సగం కాగితంతో మూసి చూడాల్సి వచ్చింది. చూసేవాడి కన్ను ఆకాశాన్ని పట్టించుకోదు. వాన ఎంతసేపట్నుంచి పడుతోందో నేల చెప్పేస్తుంది. అందుకని నేలకి ఆరు మెట్లు కట్టాం:

0. పొడి: దుమ్ము, చిత్తు కాగితాలు, గాలి.
1. చుక్క: విడివిడి మచ్చలు. మచ్చకి మచ్చకి మధ్య పొడి నేల ఉంటుంది.
2. తడి: నేలంతా నల్లబడింది, ఇంకా మెరుపు లేదు.
3. పారుడు: రోడ్డు అంచున నీళ్లు కదులుతున్నాయి, చెత్తని లాక్కెళుతున్నాయి.
4. మడుగు: నీళ్లు నిలిచాయి, అందులో దీపాలు, మనుషులు తలకిందులుగా కనపడతారు. ఉంగరాలు పడుతుంటే వాన ఉన్నట్టు, లేకపోతే వెలిసినట్టు.
5. ఆరుడు: ముందు టైర్ల దారులు ఆరతాయి, రెండు లేత పట్టీలు. తర్వాత మిగతాది.

ఇంతే. ఈ మెట్లు వెనక్కి వెళ్లకుండా కూర్చితే జూలై షాటు పక్కన సెప్టెంబరు షాటు పెట్టినా ఎవరూ పట్టుకోలేదు. వెనక్కి ఒక్క మెట్టు దిగినా, అంటే మడుగు తర్వాత పారుడు వస్తే, కారణం చెప్పలేకపోయినా అందరూ అక్కడే కదిలారు. అదే మాకు పరీక్ష అయింది.

ఒక్కో మెట్టు ఎంతసేపు ఉంటుందో గడియారం పెట్టి చూశాం. చుక్క మెట్టు ఒక నిమిషం దాటితే గొప్ప, జోరు వానలో అర నిమిషమే. తడి నాలుగైదు నిమిషాలు. మడుగు, ఆరుడు కావాల్సినంత. అంటే ఏది తక్కువ దొరుకుతుందో దానికోసమే ముందు సిద్ధంగా ఉండాలి. మేం మడుగుల మీద పడి గంటలు గంటలు తీసి, చుక్కలు వదిలేశాం. ఫోటోలు తీసే ఎవరికైనా మడుగులో ప్రతిబింబం కనపడితే చెయ్యి ఆగదు కదా, అదో జబ్బు.

షాటు పట్టికలో ఇప్పుడున్న గళ్లు: ఫైలు నంబరు, చోటు, నేల మెట్టు, గాలి ఎటు వీస్తోంది, మనుషులు ఎడమ నుంచి కుడికా కుడి నుంచి ఎడమకా, దీపాలు వెలిగాయా. తేదీ గడి తీసేశాం.

నేల రకం కూడా ముఖ్యమే. తారు రోడ్డు పొడిగా ఉన్నా నల్లనే, చుక్క మెట్టు దాని మీద అసలు తెలీదు. గల్లీల్లో సిమెంటు రోడ్లు, షాబాదు బండ పరిచిన వసారాలు బాగా పలుకుతాయి. మోజంజాహీ మార్కెట్ ముందు రాతి మెట్ల మీద ఒక్కో చుక్క పావలా అంత మచ్చగా దిగడం కెమెరాలో కూడా అలాగే కనపడింది.

ఇప్పటికి: తీసింది 3 గంటల 40 నిమిషాలు. పాతవి మళ్లీ వడపోస్తే పనికొచ్చింది 190 సెకన్లు. ఖర్చు మారలేదు.

దశ 4: ఆటో కింది పొడి నేల

వాన పడేటప్పుడు ఆగి ఉన్న ఆటో, వాన మధ్యలో కదిలి వెళ్తే కింద దాని ఆకారంలో పొడి నేల ఉంటుంది. కాసేపట్లో దాని మీదా చుక్కలు పడి, మచ్చలు కలిసి, చుట్టూ ఉన్న తడిలో కలిసిపోతుంది. మూడు మెట్లు ఒకే ఫ్రేములో. సినిమాకి ఇది నడిమి షాటు కావాలని పట్టుబట్టాం.

ఎక్కువ వానలు తిన్నదీ ఇదే. స్టాండులో ఆటో అన్నని అడిగితే ఆయన మాట న్యాయమైనది:

"వాన పడ్తేనే గిరాకీ తమ్మీ. గప్పుడు పది నిమిషాలు ఆగుడంటే ఎట్లనే?"

"వెయిటింగ్ ఇస్తం అన్నా. వాన పట్టుకున్నంక ఐదు నిమిషాలకు సీదా ముందుకు పోవాలె, గంతే."

"రివర్స్ వద్దు గదా? అయితే ఓకే."

విఫలమైన వరస:

1. తారు రోడ్డు. పొడికి తడికి తేడా లేదు. సిమెంటు గల్లీకి మార్చాం.
2. గల్లీకి వాలు ఉంది. పైనుంచి పారిన నీళ్లు చుక్కలకంటే ముందే ఆటో కిందికి చేరాయి, పొడి నేల మింగేశాయి. నీళ్ల సీసా ఒంపి ఎటు పారుతుందో చూసి, గల్లీలో కాస్త ఎత్తైన చోటు వెతికాం. ఆటో ఆపే ముందు ఇప్పుడు ప్రతిసారీ అదే పరీక్ష.
3. గాలివాన. టేపు పెట్టి కొలిస్తే పొడి నేల 1.9 మీటర్ల పొడుగు, 0.7 మీటర్ల వెడల్పు మిగిలింది. ఆటో అంతకన్నా చాలా పెద్దది, పొడుగు రెండున్నర మీటర్ల పైన, వెడల్పు 1.3 దాకా ఉంటుంది. గాలి అడ్డంగా కొట్టి ఒక పక్కంతా తినేసింది, ఆకారం ఆటోదని తెలీట్లేదు. గోడ చాటుకి జరిపాం.
4. ఆటో కదిలినప్పుడు తడి టైర్లు పొడి నేల మీద రెండు గీతలు గీశాయి. మొదట చెడిందనుకున్నాం. తెర మీద చూస్తే అదే బాగుంది, ఉంచేశాం.

కెమెరా ఎత్తు కూడా మార్చాం. నిలబడి తీస్తే నేల వాలుగా, సన్నగా పడుతుంది. మొదటి అంతస్తు పిట్టగోడ మీదినుంచి కిందికి తీస్తేనే ఆకారం పూర్తిగా కనపడింది. ఇల్లుగల ఆవిడ రెండు షరతులు పెట్టింది: చెప్పులు గేటు దగ్గరే, ఆరేసిన బట్టలు ఫ్రేములో పడొద్దు.

దొరికిన షాటు 24 సెకన్లు, కోత లేకుండా.

ఇప్పటికి: తీసింది 4 గంటల 25 నిమిషాలు. పనికొచ్చింది 214 సెకన్లు. ఖర్చు రూ. 2,330 (ఆటో వెయిటింగ్ రూ. 800).

దశ 5: రంగు తీసేయడం

నలుపు-తెలుపు మొదటి ఆలోచన కాదు. పసుపు ఆటోలు, నీలం టార్పాలిన్లు ఎవరు వదులుకుంటారు? కానీ జూన్ మబ్బుల వెలుతురు నీలి బూడిద రంగు, సెప్టెంబరు చివర ఒక సాయంత్రం ఊరంతా కాషాయం. కంప్యూటర్లో ఎంత సర్దినా ఒకదాని పక్కన ఒకటి నిలవలేదు. సర్దగా సర్దగా చివరికి పసుపు ఆటో ఆకుపచ్చ ఆటో అయింది.

రంగు తీసేయగానే పారేసిన షాట్లలో చాలా వెనక్కొచ్చాయి. జత కుదర్చాల్సింది రెండే మిగిలాయి: తడి నేల నలుపు, మడుగులో మెరుపు. అన్ని షాట్లలో తడి నేలని ఒకే బూడిద రంగు దగ్గర నిలబెట్టి, మిగతాది దాని చుట్టూ సర్దాం. ఆకాశం తెల్లగా పేలిపోయిన చోట ఫ్రేముని కిందికి కోశాం.

ఇప్పటికి: పనికొచ్చింది 318 సెకన్లు. ఖర్చు మారలేదు.

దశ 6: శబ్దం

'రెగెన్' మూకీగా పుట్టింది, తర్వాత దానికి లౌ లిచ్ట్‌ఫెల్ట్ 1932లో, హాన్స్ ఐస్లర్ 1941లో సంగీతం కట్టారు. మాకు సంగీతం వద్దు, వాన చప్పుడే కావాలి. ఇక్కడే తమ్ముడికి చుక్కలు కనపడ్డాయి.

దూరం నుంచి రికార్డు చేసిన వాన, టీవీలో ఛానల్ పోయినప్పటి 'ష్...' లాగే ఉంటుంది. మైకు మీద గొడుగు పెడితే గొడుగు మీద దరువే వినపడుతుంది. గొడుగు మీద టర్కీ టవల్ కప్పాం. ఐదు నిమిషాలు బాగుంది, నీళ్లు పీల్చి బరువెక్కి క్లాంపు వంగింది. పనికొచ్చింది కూలర్ గడ్డి. ఎండాకాలం కూలర్లకి కట్టే గడ్డి పలక రూ. 80 పెట్టి కొని గొడుగు మీద తాడుతో కట్టాం. చినుకు గడ్డి పోచల్లో పడి విరిగిపోతుంది, నీళ్లు కిందికి జారిపోతాయి, దరువు లేదు. కొత్త గడ్డిని ముందు ఓసారి కడగాలి, లేకపోతే పసుపు నీళ్లు కారి బట్టలు పాడవుతాయి.

తర్వాత వానని వదిలి, వాన పడే వస్తువుల్ని పట్టుకున్నాం. మైకు జానెడు దూరంలో పెట్టి, ఒక్కోటి విడిగా: రేకుల కప్పు, ఆటో టాపు, టార్పాలిన్, అరిటాకు, బోర్లించిన ఇత్తడి బిందె, ఖాళీ కొబ్బరి బోండాం. రికార్డరుని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టి, చప్పుడు పగలకుండా గరిష్ఠం మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వలేదు. కూర్పులో ఒకేసారి మూడు పొరలకి మించి వాడలేదు: దూరంగా రోడ్డు హోరు, మధ్యలో చూరు, దగ్గరగా ఏదో ఒకే వస్తువు. నాలుగో పొర కలిపితే మళ్లీ 'ష్' అయిపోయింది.

రేకుల మీద జడివాన ఒకటి సరిగ్గా దొరకలేదు. దాని చోట ఇంట్లో అప్పడాలు వేయించిన చప్పుడుని కాస్త నెమ్మది చేసి పెట్టాం. ఇంతవరకు కనిపెట్టింది మా పిన్ని ఒక్కతే. "ఇది వానేంట్రా, నూనె కాగకుండా వేశారు" అంది.

ఇప్పటికి: ఖర్చు రూ. 2,410.

దశ 7: ఫైలు

ఇంట్లో తెర మీద అందంగా ఉన్న వాన, ఆన్‌లైన్‌లో పెట్టగానే గడులు గడులుగా ముద్దయింది. వీడియోని కుదించే పద్ధతి ముందు ఫ్రేముకి ఈ ఫ్రేముకి మారనిదాన్ని మళ్లీ రాయకుండా వదిలేసి చోటు మిగుల్చుకుంటుంది. వానలో మారనిది ఏదీ లేదు. ప్రతి ఫ్రేములో వేల చినుకులు కొత్త చోట. ఇచ్చిన బిట్‌రేటు (సెకనుకి వాడే డేటా) చాలక బొమ్మంతా నలిగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే ఇంకా ఘోరం.

మార్చినవి:

1. ఫైలు 1080 నుంచి 4కేకి పెంచి ఎక్కించాం. తీసింది 1080లోనే అయినా 4కే ఫైలుకి సైటు ఎక్కువ బిట్‌రేటు ఇస్తుంది, వాన నిలిచింది.
2. ఎగుమతి హెచ్.264లో (వీడియోని కుదించే ఒక పద్ధతి), సెకనుకి 60 మెగాబిట్లు.
3. సినిమా రీలులా కనపడాలని చల్లిన గ్రెయిన్ (ఇసక లాంటి సన్న చుక్కలు) తీసేశాం. వాన మీద గ్రెయిన్ అంటే కుదింపుకి రెట్టింపు బరువు.
4. ఫ్రేమంతా చినుకులే ఉన్న విశాలమైన షాట్లు తగ్గించి, చినుకులు ఒక మూలే ఉన్నవి పెంచాం. ఇది ఫైలు కోసం చేసిన మార్పే అయినా కూర్పు కూడా బాగుపడింది.
5. వాట్సాప్‌లో వీడియోగా పంపకుండా డాక్యుమెంటుగా పంపాలి.

అక్టోబరు ఆఖరికి మొత్తం: తీసింది 6 గంటలు. పనికొచ్చింది 406 సెకన్లు. కావాల్సింది 420. ఖర్చు రూ. 3,310 (రెండో విడత పెట్రోలు రూ. 900 కలిపి).

తక్కువ పడ్డ 14 సెకన్లూ చుక్క మెట్టువే. వానాకాలంలో నేల ముందే చెమ్మగా ఉంటోంది, మచ్చ గట్టిగా దిగట్లేదు. బాగా కాలిన నేల మీద దుమ్ము లేస్తూ పడే చుక్క కావాలంటే ఏప్రిల్, మే నెలల గాలివానలే దిక్కు. అప్పటిదాకా సిమెంటు గల్లీలో నాలుగు చోట్లు గుర్తు పెట్టి, నీళ్ల సీసా పరీక్ష చేసి ఉంచాం. ఆటో అన్న నంబరు మాత్రం మారింది, స్టాండుకి వెళ్లి కొత్తది తీసుకోవాలి.